మా సగం తెలివి గురించి మాట్లాడిన పెద్దలకి



పోస్టు పొడుగైపోయింది. తిట్టుకోకుండా చివరిదాకా చదవండి. మధ్యలో ఆపేసి కామెంట్ పెడితే మళ్లీ అదే గొడవ అవుతుంది, సగం చదివి మాట్లాడటం. మనం మాట్లాడుకోబోయేదీ దాని గురించే.

పోయిన నెల మా కాలేజీలో ఆదివాసీ విద్యార్థులకి అవగాహన సదస్సు అని ఒక మీటింగ్ పెట్టారు. వచ్చిన పెద్దాయన బాగా చదువుకున్నవారు. మాటతీరు కూడా మర్యాదగానే ఉంది. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నారు. మాలో ఒకడు లేచి, "ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టాలో భార్య పేరు కూడా ఉండాలి కదా సార్, మా ఊళ్లో చాలా పట్టాల మీద మగోళ్ల పేరే ఉంది, ఎందుకని?" అని అడిగాడు. ఆయన నవ్వారు. "ఇదిగో, ఇదే చిక్కు. ఏమీ తెలియనోడితో పేచీ లేదు, పూర్తిగా తెలిసినోడితోనూ పేచీ లేదు. మిడిమిడి జ్ఞానం ఉన్నోడే ప్రమాదం. ముందు చదువుకోండి, తర్వాత ప్రశ్నలడుగుదురు గాని" అన్నారు. హాలంతా చప్పట్లు. కొట్టినోళ్లలో మనోళ్లే ఎక్కువ.

అడిగిన ప్రశ్న తప్పు కాదు. అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది, పెళ్లయినవాళ్లయితే హక్కు భార్యాభర్తలిద్దరి పేరునా నమోదు చేయాలని. మావాడికి ఆ చట్టంలో తెలిసింది బహుశా ఆ ఒక్క ముక్కే. కానీ ఆ ముక్క సరైనదే. దానికి సమాధానం రాలేదు, చప్పట్లొచ్చాయి.

మర్నాడు ఆ సంగతి ఈ గ్రూపులో పెడితే ఒక సీనియర్ అన్న, మేము గౌరవించే అన్నే, "ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది తమ్ముళ్లూ? రూల్స్ మొత్తం చదివాకే నోరిప్పాలి, లేకపోతే జాతికే చెడ్డపేరు" అని రాశాడు. యాభై మంది దాకా లైక్ కొట్టారు. ఆ పెద్దాయనకి జవాబు చెప్పే చోటు మాకు లేదు. అన్నకి చెప్పే చోటు ఇదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మేము అంటే ఆరుగురం. హాస్టల్లో ఒకే వరండాలో ఉంటాం, డిగ్రీ సెకండియర్. ముగ్గురి ఇళ్లల్లో కువి మాట్లాడతారు, ఇద్దరి ఇళ్లల్లో ఆదివాసీ ఒడియా, ఒకడి ఇంట్లో తెలుగే. మా ఇళ్లల్లో మాకన్నా ముందు కాలేజీ గేటు దాటినోళ్లు ఎవరూ లేరు. అడ్మిషన్ ఫారంలో 'తండ్రి విద్యార్హత' అన్న గడిలో ఏం రాయాలో తెలియక అడ్డగీత గీసొచ్చినోళ్లం. స్కాలర్‌షిప్ అప్లికేషన్, బ్యాంకు ఖాతా, కులధృవీకరణ పత్రం, సెమిస్టర్ ఫీజు, ఏది మొదలెట్టినా సగం తెలిసే మొదలెట్టాం. పూర్తిగా తెలిసేదాకా ఆగుంటే ఈపాటికి ఊళ్లో మేకలు కాస్తూ ఉండేవాళ్లం. (నిజానికి మేకలు కాయడం కూడా మాకు పూర్తిగా రాదు. మూడో తరగతిలోనే ఆశ్రమ పాఠశాలలో వేసీసారు.)

ముందు ఆ 'ఏమీ తెలియనోడితో పేచీ లేదు' అన్న మాట సంగతి చూద్దాం. ఎవరికి లేదు పేచీ? ఏమీ తెలియని మా తాతలతో షావుకారుకి పేచీ లేదు, నిజమే. ఉప్పుకీ బట్టకీ అప్పిచ్చి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నోడికి ఏం పేచీ ఉంటుంది? ఆ వేలిముద్రల మీద ఏజెన్సీ భూములు ఎంతలా కిందకి జారిపోయాయంటే, తెల్లవాళ్ల కాలంలోనే, 1917లో, మద్రాసు ప్రభుత్వం భూబదలాయింపు మీద ఒక చట్టం తేవాల్సొచ్చింది. ఏడాదికి 24 శాతం మించి వడ్డీ వేయకూడదని కూడా అందులో పెట్టింది. అది చాలక 1959లో ఇంకో రెగ్యులేషన్. అదీ చాలక 1970లో దానికి సవరణ, మనమందరం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది. మనవాళ్లకి 'ఏమీ తెలియకపోవడం' నిజంగా అంత క్షేమమైతే ఒకే విషయానికి మూడుసార్లు చట్టం ఎందుకు రాయాల్సొచ్చిందో ఆలోచించండి. మా తాతలు తెలివితక్కువోళ్లని అనడం లేదు. కాగితం గురించి ఏమీ తెలియనివ్వలేదు వాళ్లని, అంతే. దాని ఖరీదు ఎకరాల్లో కట్టారు.

కాబట్టి అజ్ఞానమే మేలన్న మాట మా ముందర అనొద్దు.

అలాగని సగం తెలివి మంచిదని వాదించడానికి రాలేదు మేము. అది ఎంత చెడ్డ పని చేయగలదో ఈ గ్రూపులో మాకన్నా బాగా తెలిసినోళ్లు ఉండకపోవచ్చు. ఇక్కడినుంచి రాయబోయేది మేము ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

పోయిన దసరా సెలవులకి మాలో ఇద్దరిది ఒకటే ఊరైతే ఆరుగురమూ అక్కడికే వెళ్లాం. పోడు భూములకి గ్రామసభ మళ్లీ అర్జీలు తీసుకుంటుందని తెలిసి, ఫారాలు నింపిపెడదాం అనుకున్నాం. ఊరోళ్లు ఎంత సంతోషించారో చెప్పలేం. రామాలయం అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు, మూడు రోజులు ఇంటికొకరు చొప్పున పిలిచి అన్నం పెట్టారు. మాకు తెలిసింది ఎంత? రెండు యూట్యూబ్ వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిన ఒక రెండు పేజీల పీడీఎఫ్. అందులో 'నాలుగు హెక్టార్లు' అని ఉంది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి మనిషికి పదెకరాలు వస్తాయని మేమే లెక్కగట్టీసాం. ముప్పై ఎనిమిది ఫారాల్లో ముప్పై ఎనిమిదింటా 'పది ఎకరములు' అని మా చేత్తో రాసీసాం. ఒకాయనైతే, "నాది ఎకరంన్నరే కదా నాయనా" అని అడిగాడు కూడా. "చట్టంలో పదుంది మావా, నువ్వు ఊరుకో" అన్నాం.

చట్టంలో ఉన్నది వేరు. సాగులో ఎంత ఉందో అంతకే హక్కు, అది ఎంతున్నా నాలుగు హెక్టార్లు దాటకూడదు అని. ఆ 'దాటకూడదు' అన్న మాటని మేము 'ఇస్తారు' అని చదివాం. సర్వే దగ్గరికి వచ్చేసరికి ముప్పై ఎనిమిదీ వెనక్కి వచ్చాయి. దొంగ అర్జీలు అన్న మాట పడింది ఊరిమీద. ఆ ఊరోళ్లు దొంగమాట చెప్పలేదు, రాసింది మేము.

అది సరిదిద్దుకున్నాం, మళ్లీ రాసిచ్చాం. కానీ ఇంకోటి ఉంది.

మూడో రోజు సాయంత్రం ఒక పెద్దమ్మ వచ్చింది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, కొండ అవతల వాలులో పోడు ఉంది. రాగులు, సామలు, గట్టు పక్కన కందులు వేస్తుంది. "2005 కంటే ముందు నుంచి సాగులో ఉన్నట్టు కాగితం ఏదైనా ఉందా? ఫారెస్టోళ్లు రాసిన ఫైన్ రశీదు లాంటిది?" అని అడిగాం. వీడియోలో అలాగే అడిగాడు మరి. ఉండేదంట, చూరులో పెడితే చెదలు తినేసిందంట. అయితే కాగితం లేదు కానీ గట్టు ఉంది, వచ్చి చూడండి అంది. మా మావగారు రాళ్లు మోసి కట్టిన గట్టు, ఆయన చచ్చిపోయినప్పుడు నిలబెట్టిన రాయి కూడా ఆ పోడులోనే ఉంది, పెద్దకూతురు పుట్టినప్పుడు వేసిన పనసచెట్టు ఇప్పుడు కాస్తోంది అని వరసగా చెప్పింది. మేము ఏం చేశాం? "రాయి, చెట్టు చూపిస్తే ఆఫీసులో ఒప్పుకోరు పెద్దమ్మా. కాగితం ఉండాలి" అన్నాం. చాలా మర్యాదగానే అన్నాం. అచ్చం ఆ మీటింగ్‌లో పెద్దాయన మాట్లాడినంత మర్యాదగా. ఆమె ఇంకేం అనలేదు, వెళ్లిపోయింది.

హాస్టల్‌కి వచ్చాక, లా చదువుతున్న ఒక అక్క ఆ చట్టం, నియమాలు తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకం ఇచ్చింది. ఒక రాత్రి వంతులేసుకుని పైకి చదివాం. 13వ నియమం దగ్గర ఆగిపోయాం. సాక్ష్యం కింద ఏమేమి చూపించొచ్చో అక్కడ ఒక జాబితా ఉంది. ప్రభుత్వ రికార్డులు, ఓటరు కార్డు, రేషన్ కార్డు సరే. వాటితోపాటు ఇల్లూ గుడిసే, చదును చేసిన నేల, కట్టిన గట్లు, బావులు, సమాధులు, పూజించే చోట్లు, వంశవృక్షం, ఇంకా అర్జీదారు కాకుండా ఊళ్లో వేరే పెద్దలు చెప్పిన మాటని రాసిపెట్టిన వాంగ్మూలం. వీటిలో ఒకటికన్నా ఎక్కువ ఉండాలి. 2012లో చేసిన సవరణ ఇంకా గట్టిది. ఫలానా కాగితమే కావాలని పై కమిటీలు పట్టుబట్టకూడదు, ఫైన్ రశీదు లాంటిది లేదన్న ఒక్క కారణంతో అర్జీ కొట్టేయకూడదు అని. శాటిలైట్ ఫోటో కూడా మిగతా సాక్ష్యానికి తోడుగా వాడుకోవచ్చు తప్ప దాని బదులు పనికిరాదు అని.

గట్టు, సమాధి రాయి. పెద్దమ్మ నోటితో చెప్పినవి రెండూ పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. కాగితం లేదని ఆమెని వెనక్కి పంపింది ఏ ఆఫీసూ కాదు, మేమే. ఆ రాత్రి ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు.

క్రిస్మస్ సెలవులకి వెళ్లేసరికి ఆమె పోడులో మొక్కలు నాటడానికి వరసగా సున్నంతో గుర్తులు పెట్టి ఉన్నాయి. హక్కు తేల్చే పని పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్లని ఖాళీ చేయించకూడదని అదే చట్టంలో ఉంది. కానీ ఆమె అర్జీయే పెట్టలేదే. జాబితాలో పేరే లేదే. ఇంటికి వెళ్లి, తప్పు మాది పెద్దమ్మా అని చెప్పాం. మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది. "మీరు చదువుకున్నోళ్లు బాబూ. మీరే లేదన్నాక ఇంకెవుర్ని అడుగుతాను?" అంది.

ఈ మాట మీరూ ఒకసారి మళ్లీ చదవండి అన్నా. మా సగం తెలివి ప్రమాదం అయ్యింది అది సగం కాబట్టి కాదు. మేము దాన్ని పూర్తిగా ఉన్నట్టు చూపించాం కాబట్టి, ఆమె అలాగే నమ్మింది కాబట్టి. "మాకు తెలిసింది ఇంతే పెద్దమ్మా, కనుక్కుని చెప్తాం, ఫారం మాత్రం రాసి ఉంచుదాం" అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అలా అనడానికి పుస్తకం మొత్తం చదవక్కర్లేదు.

మన ఊళ్లల్లో ఈ తేడా రోజూ చూస్తూనే ఉంటాం. సంతలో ఒక ఆర్‌ఎంపీ ఉంటాడు. జ్వరం అంటే ఇంజక్షన్, నీరసం అంటే సెలైన్ బాటిల్, ఏమీ లేదంటే కూడా సెలైన్ బాటిల్. రక్తపరీక్ష ఉండదు. నాకు తెలియదు అన్న మాట ఆయన నోట ఏ శుక్రవారమూ వినలేదు మేము. అదే ఊళ్లో ఆశా అక్క ఉంటుంది. ఆమె చదివిందీ మహా అయితే పదో తరగతి. డాక్టర్ కాదు, నర్సు కూడా కాదు. కిట్ తీసి వేలు పొడిచి ఒక్క చుక్క రక్తం వేస్తుంది, పదిహేను ఇరవై నిమిషాలు కూర్చుంటుంది, గీతలు చూస్తుంది. వైవాక్స్ అయితే మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్. మూడో రోజుకి జ్వరం దిగిపోతుంది, మనోళ్లు మాత్రలు తీసి గూట్లో పడేస్తారు. వైవాక్స్ కాలేయంలో దాక్కుని కొన్నాళ్లకి మళ్లీ లేస్తుంది. ఈ సంగతి అక్కకి తెలుసు, అందుకే ఐదో రోజూ పదో రోజూ వచ్చి మాత్రలు లెక్కపెడుతుంది. గర్భిణికీ చంటిపిల్లకీ ప్రైమాక్విన్ ఇవ్వకూడదని తెలుసు. బిడ్డకి ఫిట్స్ వచ్చినా, మనిషి మత్తుగా పడున్నా, "ఇది నా చేతిలో లేదు, డోలీ కట్టండి, పీహెచ్‌సీకి పోదాం" అంటుంది.

ఇద్దరికీ ఉన్నది సగం తెలివే. ఒకరి దగ్గరికి పోతే చేతిలో డబ్బు పోయి జ్వరం ఉండిపోతుంది. ఇంకొకరు ఎన్ని వానాకాలాల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టారో మన ఊళ్లే చెప్తాయి. ఆ సీనియర్ అన్న లెక్క ప్రకారం అయితే ఎంబీబీఎస్ చదివేదాకా అక్క కిట్ ముట్టుకోకూడదు. అప్పటిదాకా జ్వరం ఆగుతుందా అన్నా?

మాకు కోపం ఎక్కడొస్తుందంటే, మన తెలివి సగమే ఎందుకుందో ఎవరూ అడగరు. ఆ నియమాల్లోనే 6వది చదవండి. సబ్ డివిజన్ స్థాయి కమిటీ ఏం చేయాలో రాసుంది. గ్రామసభకి దాని బాధ్యతలేంటో తెలియజెప్పాలి. అటవీ పటాలు, రెవెన్యూ పటాలు, ఓటర్ల జాబితాలు ఇవ్వాలి. అర్జీ ఫారాలు సులువుగా, ఉచితంగా దొరికేలా చూడాలి. అంటే తెలిసినోళ్లు తెలియనోళ్ల దగ్గరికి వచ్చి చెప్పడం దయ కాదు, డ్యూటీ. మేము ఫారం జిరాక్స్‌కి ఒక్కోదానికి ఇంత అని ఇచ్చాం. పటం అయితే ఈ రోజుకీ మా కళ్లతో చూడలేదు. రెండో సగం చేతిలో పెట్టుకుని, వచ్చి చెప్పకుండా, "మీకు సగమే తెలుసు" అని మీటింగ్‌లో నవ్వడం ఏం న్యాయం?

ఇక మన గ్రూపు సంగతి. ఆ పెద్దాయన్ని అంటున్నాం కదా అని మనల్ని మనం వదిలేయకూడదు. ఫార్వర్డ్‌లు చూడండి. "వన్ ఆఫ్ సెవెంటీ ఉండగా మన భూమి ఎవడూ ముట్టుకోలేడు" అని వారానికోసారి వస్తుంది, పిడికిలి బొమ్మతో సహా. చట్టం తనంతట తాను ఊళ్లోకి నడిచొచ్చి బినామీని ఖాళీ చేయించదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడిదే అని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. ఇది చాలా పెద్ద ఆయుధం. కానీ అధికారి తనంతట కదలకపోతే ఎవరో ఒకరు అర్జీ పెట్టాలి. ఈ రెండో ముక్క ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు. పిడికిలి బొమ్మ చూసి గుండె నిండిపోయి పడుకుంటున్నాం.

2020 ఏప్రిల్ గుర్తుందా? మేము అప్పటికి తొమ్మిదో తరగతి, లాక్‌డౌన్‌లో ఇళ్ల దగ్గర ఉన్నాం. సుప్రీంకోర్టు జీవో నంబర్ 3ని కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో అది. పెద్ద దెబ్బే, ఇప్పటికీ కోలుకోలేదు మనం. అయితే మా ఊరికి ఆ వార్త ఎలా వచ్చిందో తెలుసా? "ఎస్టీ రిజర్వేషన్లు తీసేశారంట" అని. మా పక్కింటి అక్క అప్పుడు ఇంటర్ సెకండియర్. ఇంకేం చదువుతావులే అని ఆ వేసవిలోనే పెళ్లి చేసీసారు. కొట్టేసింది ఏజెన్సీ టీచర్ పోస్టుల్లో నూటికి నూరు శాతాన్ని, ఆరు శాతం రిజర్వేషన్ అలాగే ఉంది అని చెప్పడానికి ఊళ్లో ఒక్కరూ లేకపోయారు. ఆ అక్కకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ వార్త మొదట మోసుకొచ్చినోడు చెడ్డోడేం కాదు, భయపడ్డాడు, విన్నది విన్నట్టు చెప్పాడు. కానీ 'అంట' అన్న మాట రెండో ఇంటికే రాలిపోయింది.

అందుకని అన్నకి మా జవాబు ఇది. నోరు మూసుకోమనొద్దు. 'అంట' అన్న మాట రాలిపోకుండా మోయమని చెప్పు, దానికి ఒప్పుకుంటాం. ఎక్కడ చదివాం, ఎంత చదివాం, ఏది చదవలేదు అన్నది కూడా రాయమని చెప్పు, రాస్తాం. మొత్తం చదివాకే మాట్లాడాలంటే మాత్రం కుదరదు. ఎందుకంటే మేము చదివేదాకా సున్నం గుర్తులు ఆగవు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పెద్దమ్మ ముందర మేము మాకు సగం తెలుసు, ఆమెకి సున్నా తెలుసు అనుకున్నాం. అది మా రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది. పుస్తకం మా దగ్గరుంది. గట్టు ఎవరు కట్టారో, రాయి ఎవరిదో, ఏ వాలులో ఎవరి పోడు ఎక్కడ ఆగుతుందో ఏ పుస్తకంలో ఉంది? ఆ చట్టం రాసినోళ్లకి ఈ సంగతి తెలిసినట్టుంది. అందుకే పెద్దల మాటని సాక్ష్యం చేశారు, మొదటి నిర్ణయం గ్రామసభ చేతిలో పెట్టారు. మేమే పదెకరాల లెక్కలో పడి దాన్ని చూడలేదు.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాం. ఈసారి ఫారం తీయలేదు. ముందు పోడుకి నడిచాం, గంటన్నర ఎక్కుడు. గట్టు ఫోటోలు తీశాం, రాయిది తీశాం, పనసచెట్టు చుట్టుకొలత తాడుతో కొలిచాం. రాత్రి ఊరి పెద్ద ఒకాయన వాంగ్మూలం రాసుకున్నాం. ఆయన కువిలో చెప్తున్నారు. మాలో కువి ఇంటిభాషగా ఉన్న ముగ్గురికీ చిన్నప్పటి కువి మాత్రమే వచ్చు, పొలం మాటలు, రాళ్ల పేర్లు రావు. పెద్దమ్మ మనవరాలు, ఆరో తరగతి పిల్ల, తెలుగులో చెప్తే రాశాం. గట్టు ఏ సంవత్సరం కట్టారు తాతా అంటే సంవత్సరాలు నాకు తెలీవు అన్నారు. మరి రాయాలి కదా, 1990 అని వేసీద్దామా అని మాలో ఒకడు అన్నాడు. (పదెకరాలు వేసినోడే.) తాత ఒప్పుకోలేదు. "తెలీదంటే తెలీదనే రాయండి. బడికి రేకులు వేసిన ముందటేడు కట్టారు. అది తెలుసు" అన్నారు.

మర్నాడు బడికి వెళ్లి మాస్టారిని అడిగాం. పాత రిజిస్టర్లు బీరువా అడుగున ఉన్నాయి, ఎలకలు కొట్టినవి పోను. రేకుల షెడ్డు వేసిన సంవత్సరం అందులో దొరికింది, 1996. గట్టు 1995. చట్టం అడిగిన 2005 డిసెంబర్ 13కి పదేళ్లు ముందు. వాంగ్మూలంలో తాత చెప్పింది చెప్పినట్టే రాసి, సంవత్సరం మాత్రం బడి రిజిస్టర్ ప్రకారం అని కింద విడిగా రాశాం. ఎకరాల గడిలో పెద్దమ్మ చెప్పినట్టు 'సుమారు ఎకరం ముప్పావు, కొలవలేదు' అని పెట్టాం. హక్కుల కమిటీ అర్జీ తీసుకుని రసీదు ఇచ్చింది. ఆ రసీదు పెద్దమ్మ చూరులో పెట్టబోతే, ప్లాస్టిక్ కవర్‌లో వేసి రేకుపెట్టెలో పెట్టించాం.

ఇంకా సర్వే కాలేదు. సున్నం గుర్తులు వానకి కొన్ని చెరిగాయి కానీ గోతులు తవ్వడానికి మళ్లీ వస్తారని ఊళ్లో అనుకుంటున్నారు. వస్తే ఆ రసీదు చూపించమని, గ్రామసభ పెద్దల్ని పిలవమని చెప్పి వచ్చాం. ఒకవేళ అర్జీ కొట్టేస్తే కారణం రాతలో ఇవ్వాలి, 60 రోజుల్లోపు పై కమిటీకి వెళ్లొచ్చు అన్నది చదివాం. పై కమిటీకి పెట్టే అర్జీ ఎలా రాయాలో మాత్రం తెలియదు.

ఇటుకల పండగకి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ఊరంతటికీ కలిపి అడవి మీద సామూహిక హక్కు అర్జీ, ఫారం-సి, వేయాలని గ్రామసభ అనుకుంటోంది. దానికి ఊరి హద్దుల పటం గీయాలి. హద్దులు తాతకి తెలుసు, గీయడం మాలో ఎవరికీ రాదు. మన గ్రూపులో ఫారం-సి నిజంగా వేసిన ఊరివాళ్లు ఎవరైనా ఉంటే, చేసినంతవరకే చెప్పండి, చేయనిది చేయలేదనే చెప్పండి. ఆ సీనియర్ అన్న కూడా సెలవు దొరికితే మాతో రావచ్చు, చాప మీద చోటుంది.